సీమంతంలో ఆ ప్రశ్న అడగనివ్వండి

పోయిన నెల ఇక్కడ అమెరికాలో, మన గుడి హాల్లో జరిగిన సీమంతానికి మీలో చాలామంది వచ్చారు. గాజులు తొడిగాం, చలిమిడి పెట్టాం, పాటలు పాడాం. భోజనాల దగ్గర ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది: "ఆంటీ, నెప్పులు మొదలైతే ఎప్పుడు బయల్దేరాలి? ఎపిడ్యూరల్, అదే నెప్పి తెలియకుండా నడుముకిచ్చే మత్తు ఇంజెక్షన్, తీసుకోవచ్చా?" "శుభమా అని వేడుక చేస్తుంటే ఇప్పుడా మాటలెందుకమ్మా, అన్నీ డాక్టరమ్మ చూసుకుంటుంది" అని ఒక పెద్దావిడ కసిరారు. ఆ అమ్మాయి తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయింది. పక్కనే ఉన్న నేనూ నోరు మెదపలేదు. అదే నన్ను బాధిస్తోంది.

2008లో నాదీ అదే పరిస్థితి. తెనాలి నుంచి అమ్మ వచ్చింది. సూట్‌కేసు నిండా వాము, శొంఠి, పాత నేత చీరలు చింపి ఉతికి మడతపెట్టిన మెత్తటి గుడ్డలు. బాలింతకు కావలసినవన్నీ ఉన్నాయి. పురుడు గురించి మాత్రం ఇంట్లో ఒక్క మాట అనుకోలేదు. "ఏమైనా అడగాలా?" అని డాక్టరు అన్న ప్రతిసారీ ఏమీ లేదని చెప్పి వచ్చేసేదాన్ని. అర్ధరాత్రి నెప్పులొస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో తెలియలేదు. తీరా వెళ్తే, డ్యూటీలో నేనెప్పుడూ చూడని డాక్టరు. నర్సు మాటలు అమ్మకు అర్థం కావు. నెప్పికీ నెప్పికీ మధ్య నేనే తెలుగులో చెప్పాను. "కోతేస్తారా?" అంటూ అమ్మ నా ముంజేయి పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి దుబాసీని ఉచితంగా ఇవ్వాలని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

అమ్మను తప్పుపట్టలేను. అమ్మమ్మ తొలి పురుట్లో బిడ్డను పోగొట్టుకుంది. నోట అంటే జరుగుతుందేమోనని ఆ ఇంట్లో భయం. పైగా పుట్టింటి పురుడంటే చుట్టూ అన్నీ తెలిసిన ఆడవాళ్ళుండేవారు, అడగకపోయినా గడిచిపోయేది. ఇక్కడ అపార్ట్‌మెంటులో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. అక్కడైనా అడగకపోవడం మంచి చేస్తోందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. ఎందుకని అడగకుండా తలూపే మన అలవాటు మీదే నా కోపం.

36వ వారం లోపు డాక్టరు ముందు కూర్చుని తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. కాన్పు రోజు డాక్టరుగారూ, మీరు లేకపోతే ఎవరొస్తారు? రాత్రిపూట ఏ నంబరు? ఎన్ని నిమిషాలకోసారి నెప్పులొస్తే రావాలి? ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ లెక్కలతో పనిలేదు, వెంటనే ఫోన్ చేయాలి. నెప్పి తగ్గించడానికి ఏమేం ఉన్నాయి? లోపలికి ఎంతమందిని రానిస్తారు? ఇవి కాగితం మీద రాసుకుని భర్తతో కలిసి వెళ్ళాలి. వీలైతే అమ్మనో అత్తగారినో కూడా తీసుకెళ్ళాలి. ఇక్కడి చట్టం ప్రకారం మామూలు కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటల కంటే తక్కువకు ఇన్సూరెన్సు ఆసుపత్రి బసను కుదించకూడదని కూడా తెలిసి ఉండాలి.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. బతుకమ్మకూ ఉగాదికీ నెలల ముందే హాలు బుక్ చేస్తాం కదా. మూడు నెలలకో ఆదివారం రెండు గంటలు కడుపుతో ఉన్నవాళ్ళకు ఇవ్వండి. మన సభ్యుల్లోనే నర్సులున్నారు, డాక్టర్లున్నారు. పెద్దలనూ రమ్మనండి, వాళ్ళ భయాలూ విందాం.

ఆ అమ్మాయికి నేను ఫోన్ చేశాను. గురువారం అపాయింట్‌మెంటుకు తోడు వెళ్తున్నాను. వాళ్ళ అత్తగారూ వస్తానన్నారు. ఆవిడ కూడా ఒక ప్రశ్న రాయించారు: "నెప్పులొచ్చేటప్పుడు నేను పక్కన ఉండి నడుము రాయొచ్చా?"