సవరణ: డిక్స్‌విల్ నాచ్ ఓట్ల గురించి

అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో, ఎన్నికల రోజు అర్ధరాత్రే ఓటేసే చిన్న ఊరు డిక్స్‌విల్ నాచ్‌లో 2024 అధ్యక్ష ఎన్నికలో ఓట్లు హారిస్, ట్రంప్‌ల మధ్య 3-3గా చీలడం ఆ ఊరి చరిత్రలో తొలిసారని నిన్న రాశాను. అది తప్పు, 2012లోనే ఒబామా, రామ్నీలకు చెరో 5 ఓట్లు వచ్చాయి. 2020లో డెమొక్రాట్ బైడెన్‌కు మొత్తం 5 ఓట్లూ పడ్డాయి కాబట్టి అది డెమొక్రాట్ల ఊరన్నదీ తొందరపాటే, ఎందుకంటే 1960లో మొత్తం 9 ఓట్లూ రిపబ్లికన్ నిక్సన్‌వే. నూరు శాతం పోలింగును రాజకీయ చైతన్యంగా పొగిడాను గానీ, నమోదైన ఓటర్లందరూ ఓటేస్తేనే అర్ధరాత్రి వెంటనే పోలింగు ముగించి లెక్కించడానికి రాష్ట్ర చట్టం అనుమతిస్తుందన్న సంగతి (అసలు కీలకం అదే) విస్మరించాను.