పుస్తకంలో ఉన్నారు, లెక్కలో లేరు

నాలుగు రోజుల పసికందు. ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం మానేసింది, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. నగరంలోని ఓ ఆసుపత్రిలో ఆ బిడ్డ కేస్ షీట్ మీద మొదట రాసిన మాట ‘సెప్సిస్’, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినడం. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఓ డాక్టరమ్మకు అనుమానం వచ్చి తల్లిని అడిగింది. కాన్పుకు మూడు రోజుల ముందు ఆమెకు జ్వరం వచ్చిందట. వైరల్ ఫీవరేనని ఇంటి పక్క క్లినిక్‌లో గోళీలిచ్చి పంపేశారు. పరీక్ష చేస్తే తల్లికీ బిడ్డకూ డెంగీ. బిడ్డ దక్కింది, సంతోషం. కేస్ షీట్ మీద పై మాట మాత్రం మారలేదు. డెంగీ అన్నది పక్కన మార్జిన్‌లో, వేరే ఇంకుతో ఇరికించి ఉంది.

మా కోపమంతా ఆ మార్జిన్ మీదే.

కడుపుతో ఉండగా డెంగీ వస్తే ఏమవుతుందో వైద్యులకు తెలియనిది కాదు. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు, ఒక్కోసారి కడుపులోనే పోవచ్చు. కాన్పు దగ్గరపడ్డాక జ్వరం వస్తే తల్లికి రక్తస్రావం ముప్పు, వైరస్ మాయ దాటి బిడ్డకు చేరే ముప్పు. బిడ్డను కాపాడే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారయ్యేంత వ్యవధి ఉండదు. అలా పుట్టిన బిడ్డకు మొదటి వారం పది రోజుల్లో వచ్చే జ్వరం చూడ్డానికి అచ్చం సెప్సిస్ లాగే ఉంటుంది. తల్లికి జ్వరం వచ్చిందా అని అడగనివాళ్లకు అది దొరకదు. పైగా గర్భిణి రక్తం మామూలుగానే కాస్త పలచబడి ఉంటుంది. డెంగీ ముదిరితే రక్తం చిక్కబడుతుందన్నది డాక్టర్లు చూసుకునే గుర్తు. గర్భిణిలో ఆ గుర్తు ఆలస్యంగా బయటపడుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే 24 నుంచి 48 గంటలే అసలు గండం.

ఇదంతా తెలుసు కాబట్టే కేంద్రం డెంగీ చికిత్స మార్గదర్శకాల్లో గర్భిణులనూ పసిబిడ్డలనూ హై రిస్కు కింద రాసిపెట్టింది. మరి లెక్కల్లో? జాతీయ కీటకజనిత వ్యాధుల నియంత్రణ కేంద్రం రాష్ట్రాల వారీగా జనం ముందు పెట్టే పట్టికలో ఏడాదికి రెండే గడులు. కేసులు, మరణాలు. అందులో కడుపుతో ఉన్నవాళ్లెందరు, పురిటి బిడ్డలెందరు అన్న గడి లేదు. పుస్తకంలో హై రిస్కు అని రాసి, లెక్క దగ్గర అందరినీ ఒకే మూటలో కట్టేయడాన్ని ఏమనాలి?

విడిగా లెక్కపెట్టడం చేతకాక కాదు. 2024 జులైలో మహారాష్ట్రలో జికా కేసులు బయటపడగానే గర్భిణులకు పరీక్షలు చేయాలని, పాజిటివ్ వస్తే కడుపులో బిడ్డ ఎదుగుదలను గమనిస్తూ ఉండాలని కేంద్రం రాష్ట్రాలన్నింటికీ రాసింది. మంచి పని. జికాను మోసే ఏడిస్ దోమే డెంగీనీ మోస్తుంది. జికా ఎప్పుడో ఓసారి తొంగిచూసే చుట్టం, డెంగీ ఏటా వచ్చి మన ఇంట్లోనే తిష్ట వేసేది. చుట్టానికి చేసిన హడావుడిలో సగమైనా దీనికి లేదేం?

అధికారుల వాదన మాకు తెలియంది కాదు. రాపిడ్ కిట్లను నమ్మలేం, ల్యాబ్‌లో చేసే ఎలీసా రక్త పరీక్షలో తేలితేనే కేసు, గర్భిణులను ఉత్తపుణ్యానికి టెన్షన్ పెట్టొద్దు అంటారు. ఎలీసా మేలైన పరీక్షే, కాదనం. సరే, ఎలీసాలోనే తేలిన గర్భిణి సంగతి చెప్పండి. ఆమెనైనా విడిగా చూపిస్తున్నారా?

ఏఎన్ఎం రిజిస్టర్‌లో ప్రతి గర్భిణి పేరూ ఉంటుంది. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, కాన్పు తేదీ అన్నీ రాస్తారు. ఆ పేరు పక్కనే డెంగీ ఫలితం రాయడానికి ఎంతసేపు? రాస్తే ఆమె ప్లేట్‌లెట్లు, రక్తం దొరికే ఆసుపత్రికి ముందే చేరుతుంది. పుట్టిన బిడ్డను నాలుగు రోజులు ఎక్కువగా కనిపెట్టుకుని చూస్తారు. ఆ రాత తర్వాత కూడా పనికొస్తుంది. తల్లి నుంచి వచ్చిన డెంగీ యాంటీబాడీలు బిడ్డలో తరిగిపోయే దశలో, అంటే ఏడాది లోపు, బిడ్డకు డెంగీ సోకితే అవే యాంటీబాడీలు జబ్బును ముదరబెట్టవచ్చు. రాయకపోతే? బొప్పాయి పండు తింటే కడుపు పోతుందని గర్భిణికి ముట్టనివ్వని ఇంట్లోనే జ్వరం రాగానే బొప్పాయి ఆకు రసం గ్లాసులతో తాగిస్తారు. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు ఆ రసంతోనే గడిచిపోతుంది.

బల్దియా (నగరపాలక సంస్థ) సంగతీ చెప్పుకోవాలి. ఫాగింగ్ బండి సాయంత్రం వచ్చి, పొగ వదిలి, ఫొటో దిగి పోతుంది. ఏడిస్ కుట్టేది పగలు. అది దాక్కునేది మంచం కింద, కర్టెన్ వెనక. ఆ ఆసుపత్రి గేటు బయట కొబ్బరి బోండాల బండి ఉంది. జ్వరానికి మంచిదని రోగుల చుట్టాలు కొనుక్కెళ్తుంటారు. ఖాళీ బోండాలు ప్రహరీ వెంట గుట్టగా పడున్నాయి. వాన పడి ఒక్కోదాంట్లో గుక్కెడు నీళ్లు చేరాయి. వంగి చూస్తే ఆ నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ లార్వా. వారం పది రోజుల్లో రెక్కలొస్తాయి. ఆ గోడకు అవతలి పక్కే ప్రసూతి వార్డు. ఈ బోండాలు ఎవరి ఖాతా? ఆసుపత్రిని అడిగితే బల్దియా అంటుంది, బల్దియాను అడిగితే బండివాడంటుంది.

2019 అక్టోబరులో డెంగీ మీద తెలంగాణ హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసింది. అప్పట్నుంచి ఎన్ని వానాకాలాలు పోయాయి! సమీక్షలకు లోటు లేదు, గడి మాత్రం ఖాళీగానే ఉంది. ఆరోగ్య శాఖకు మా మాట ఒక్కటే. ఈసారి మీరు చదివే అంకెల్లో గర్భిణులెందరో, పురిటి బిడ్డలెందరో విడిగా చెప్పండి. అందుకు నోరు రాకపోతే, ఆ హై రిస్కు అన్న మాటను మీ పుస్తకంలోంచి కొట్టేయండి.