శాసనసభను చదివేవాళ్లు కావాలి

పుణెలోని గోఖలే ఇనిస్టిట్యూట్‌లో డి.సి. వాధ్వా అనే అర్థశాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. బిహార్‌లో భూమి హక్కులు 1793 నుంచి ఎలా మారుతూ వచ్చాయన్నది ఆయన పరిశోధన. ఆ పనిలో పాత రికార్డులు తిరగేస్తుంటే ఆయనకొక వింత కనిపించింది. ఏళ్ల తరబడి అమలులో ఉన్నవి చట్టాలు కావు, ఆర్డినెన్సులు. సభ లేని వేళ అత్యవసరానికి వాడుకోమని రాజ్యాంగం 213వ అధికరణ కింద గవర్నరుకు ఇచ్చిన వెసులుబాటు అది. సభ మళ్లీ కొలువుదీరాక ఆరు వారాలకు దానికి కాలం చెల్లాలి. బిహార్‌లో చెల్లలేదు. సమావేశాలు ముగియగానే అదే ఆర్డినెన్సును మళ్లీ జారీ చేసేవారు. 1967–1981 మధ్య ఇలా 256 ఆర్డినెన్సులను ఏడాది నుంచి పద్నాలుగేళ్ల దాకా బతికించారని వాధ్వా లెక్క తేల్చారు. 1983లో ఆ లెక్కను పుస్తకంగా వేశారు. మరికొందరితో కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం ఇది రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది. శ్రమపడి ఈ సంగతి బయటపెట్టినందుకు ఆచార్యుడికి ఖర్చుల కింద రూ.10,000 చెల్లించమని బిహార్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ తర్వాతా బిహార్ మానలేదు. సంస్కృత పాఠశాలల స్వాధీనం కోసం వరసబెట్టి తెచ్చిన ఆర్డినెన్సుల మీద 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాట ఇంకా గట్టిగా చెప్పవలసి వచ్చింది. అది వేరే సంగతి. మనం గమనించవలసింది ఏమిటంటే, ఆ పద్నాలుగేళ్లూ బిహార్ శాసనసభలో ప్రతిపక్షం ఉంది, పత్రికలు ఉన్నాయి, న్యాయవాదులు ఉన్నారు. అందరి కళ్ల ముందే జరుగుతున్నదాన్ని లెక్కగట్టి చూపించడానికి మాత్రం వేరే రాష్ట్రం నుంచి ఒక పరిశోధకుడు రావలసి వచ్చింది. ఆయన వచ్చింది కూడా శాసనసభ కోసం కాదు, భూమి కోసం.

భూమి దారి పట్టుకుని వెళ్తే తెలుగు రాష్ట్రాల్లోనూ తేలేది శాసనసభ దగ్గరే. తెలంగాణలో 2020 సెప్టెంబరు 9న నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల బిల్లును సభలో పెట్టారు. వీఆర్వో పోస్టుల రద్దు బిల్లూ దాని వెంటే వచ్చింది. 11న శాసనసభ ఆమోదించింది. మాటలకు కరవు లేదు, చర్చ గంటల కొద్దీ సాగింది. కానీ బిల్లును కూర్చుని లోతుగా పరిశీలించే సభ్యుల సంఘానికి, అంటే సెలెక్ట్ కమిటీకి, పంపలేదు. ఒక్కో సెక్షన్ దగ్గర ఆగి, రెవెన్యూ ఉద్యోగిని, సర్వేయరును, నాలుగు ఊళ్ల రైతులను పిలిచి ‘ఇది అమలైతే ఏమవుతుంది’ అని అడిగినవారు లేరు.

ఏమయిందో తర్వాత తెలిసింది. ఒక రైతుకు మూడెకరాల పది గుంటలు ఉంటే పాసుపుస్తకంలో మూడెకరాలే పడిందనుకోండి. 1971 నాటి పాత చట్టంలో ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాకపోతే జాయింట్ కలెక్టరు దగ్గర రివిజన్ ఉండేది. కొత్త చట్టం ఆ మెట్లు రెండూ తీసేసింది. పది గుంటల కోసం సన్నకారు రైతు సివిల్ కోర్టుకు పోవాలి. లేదంటే మీసేవలో డబ్బు కట్టి, ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌లో తర్వాత తెచ్చిన టీఎం-33 అనే మాడ్యూల్ కింద దరఖాస్తు పెట్టి, అది ఎవరి లాగిన్‌లో ఆగిందో కనుక్కుంటూ తిరగాలి. ‘సార్ లాగిన్‌లో ఉంది’ అన్న మాట తెలంగాణ పల్లెల్లో తెలియనివారు లేరు. వివాదమున్న భూములు పార్ట్‌-బి అనే పక్కన పెట్టిన జాబితాలో పడి పాసుపుస్తకమే రాలేదు. తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్లకు, అంటే సాదాబైనామాలకు, ఆ చట్టంలో దారే పెట్టలేదు. కావాలని వదిలేశారో, తొందరలో మరిచారో సభ రికార్డు చూసి తెలుసుకుందామంటే అక్కడ ఎవరూ ఆ ప్రశ్నను చివరిదాకా పట్టుకోలేదు.

తర్వాత ఆ చట్టం స్థానంలో భూభారతి చట్టం వచ్చి అప్పీళ్లను తిరిగి తెచ్చింది, సాదాబైనామాలకు దారి చూపింది. 2024 ఆగస్టులో దాని ముసాయిదాను జనం ముందు పెట్టి సూచనలు అడిగారు. మెచ్చుకోవలసిందే. అయితే సభలో దానికీ దక్కింది రెండు రోజులే. డిసెంబరు 18న పెట్టారు, 20న ఆమోదించారు. ఆ రోజు సభలో మోగింది వేరే గొడవ.

ఆంధ్రప్రదేశ్ కథ దీనికి తీసిపోదు. 2022 నాటి భూహక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) కింద హక్కుల వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి, ప్రభుత్వం నియమించే అధికారుల చేతిలో పెట్టారు. ఊళ్లలో సివిల్ దావాల మీద బతికే న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కాకే చాలామందికి అలాంటి చట్టం ఒకటుందని తెలిసింది. 2024 ఎన్నికల్లో అది పెద్ద అంశమైంది. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా పెట్టిన తొలి సంతకాల్లో ఒకటి దాని రద్దుకే. ఆ జూలైలోనే శాసనసభ రద్దు బిల్లు ఆమోదించింది. మంచి చెడ్డలు అటుంచితే, చట్టం వచ్చినప్పుడూ పోయినప్పుడూ దాన్ని ఒక కమిటీ కూర్చుని చదవలేదు. భూమి హక్కుకు ప్రభుత్వం పూచీ ఉండాలన్న ఆలోచన తప్పా, ఆ ఆలోచనను చట్టంగా రాసిన తీరు తప్పా? ఈ ప్రశ్నకు జవాబు ఏ సభా పత్రంలోనూ దొరకదు. ఎన్నికల సభల్లో దొరికే జవాబులు మనకు తెలిసినవే.

కమిటీ అనే మాటకు ఆంధ్రప్రదేశ్‌లో ఏ గతి పట్టిందో 2020 జనవరి చూపించింది. మూడు రాజధానుల బిల్లులను శాసనసభ 20న ఆమోదించింది. 22న శాసనమండలి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్లు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. అయిదు రోజులకు, 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 1985లో ఎన్టీఆర్ రద్దు చేయించి, 2007లో వై.ఎస్. తిరిగి తెచ్చిన మండలి అది. జూలై నెలాఖరుకు బిల్లులు గవర్నరు సంతకంతో చట్టాలయ్యాయి. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలనూ మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కు తీసుకుంది. సెలెక్ట్ కమిటీ కూర్చుని ఉంటే మూడు నెలలు పట్టేదేమో. కూర్చోకపోవడం వల్ల దాదాపు రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్ల మూల్యం అమరావతికి భూములిచ్చిన రైతులను అడిగితే చెబుతారు.

ఇది మన దగ్గరి జబ్బే కాదు. తొలి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు సమావేశమైతే, 2019–24 నాటి పదిహేడో లోక్‌సభ 274 రోజులు కూర్చుంది. పూర్తికాలం నడిచిన లోక్‌సభల్లో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. పదిహేనో లోక్‌సభలో నూటికి 71 బిల్లులు స్థాయీ సంఘాలకు (స్టాండింగ్ కమిటీలకు) వెళ్లేవి, పదిహేడోదానిలో 16 వెళ్లాయి. డిప్యూటీ స్పీకర్ కుర్చీ అయిదేళ్లూ ఖాళీ. 2020 సెప్టెంబరులో రాజ్యసభలో మూడు సాగు చట్టాల్లో రెండు మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దు బిల్లు కూడా చర్చ లేకుండా ఉభయ సభలూ ఒక్కరోజులో దాటేసింది. రాష్ట్రాల సంగతి ఇంకా కింద. 2023లో శాసనసభలు సగటున 22 రోజులు కూర్చున్నాయి. ఎక్కువ రోజులు కూర్చుని, బిల్లులను విషయ కమిటీలకు పంపే ఆనవాయితీ ఉన్న కేరళ కూడా 2021లో 144 ఆర్డినెన్సులు తెచ్చింది. వాధ్వా పని ఇంకా మిగిలే ఉందన్నమాట.

ఈ అంకెలు మనకు ఎక్కడివి? చాలావరకు ఢిల్లీలో 2005లో మొదలైన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఏటా ఓపికగా కూర్చి పెడుతున్నవి. అది లేకపోతే ‘సభలో చర్చ తగ్గిపోయింది’ అనేది పెద్దవాళ్ల నిట్టూర్పుగానే ఉండిపోయేది. తెలుగు రాష్ట్రాల సభల గురించి అలాంటి నిలకడైన లెక్క ఇక్కడే, తెలుగులోనే పుట్టాలి. ఎన్నికల ముందు కులాల లెక్కలు, స్వింగుల లెక్కలు తేల్చడానికి ఉన్న హుషారులో పదో వంతు చాలు. గెలిచినవాడు అయిదేళ్లలో ఎన్ని బిల్లుల మీద నోరు విప్పాడు, ఎన్ని సవరణలు ప్రతిపాదించాడు అనేది ఓటరుకు చేరదు. మాతో సహా పత్రికలు సభలో వాగ్యుద్ధానికి ఇచ్చే చోటు సవరణకు ఇవ్వవు. ఈ తప్పులో మా వాటా మేం ఒప్పుకుంటున్నాం.

ఇంకో వైపు చూడండి. ఎమ్మెల్యేకు గన్‌మెన్ ఉంటారు, పీఏ ఉంటాడు, పెళ్లిళ్ల పిలుపులు రాసిపెట్టే మనిషి ఉంటాడు. బిల్లు చదివి ‘అన్నా, పదకొండో సెక్షన్‌తో మనూరి రైతుకు ఈ చిక్కుంది’ అని చెప్పేవాడు ఉండడు. ముందురోజు చేతికొచ్చిన యాభై పేజీల బిల్లును రాత్రికి రాత్రి చదవగలిగినవారు ఎందరు? చదివినా, ఇలాగే ఓటెయ్యాలని పార్టీ విప్ జారీ చేశాక చదువుకు విలువేమిటి? పార్టీ ఫిరాయింపులు ఆపడానికి 1985లో తెచ్చిన పదో షెడ్యూల్ ఫిరాయింపులను ఎంత ఆపిందో అందరం చూస్తున్నాం. సొంత పక్షం బిల్లును ప్రశ్నించే గొంతును మాత్రం బాగానే నొక్కింది.

ప్రశ్నించవలసిన ప్రతిపక్షం సభలో ఉంటే కదా అన్నది మరో సందేహం. వైసీపీ 2017 నవంబరు నుంచి సభను బహిష్కరించింది. చంద్రబాబు 2021 నవంబరు 19న మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి బయటికి నడిచారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని జగన్ రావడం మానేశారు. తెలంగాణలో ప్రతిపక్ష నేత చంద్రశేఖరరావు కనిపించేది అరుదు. ఎవరి కారణాలు వారికి ఉండొచ్చు. బిల్లు మాత్రం వాళ్ల కోసం ఆగదు, ఖాళీ బల్లల ముందే ‘అవునన్నవారే ఎక్కువ’ అనిపించుకుని వెళ్లిపోతుంది.

మామూలు జనానికి ఈ సెక్షన్ల గొడవలు అర్థమవుతాయా అని సచివాలయాల్లో ఒక చిన్నచూపు ఉంది. దానికి జవాబు కూడా పరిశోధనే ఇచ్చింది. టిమ్ బెస్లీ, రోహిణి పాండే, విజయేంద్ర రావు అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల గ్రామాల్లో గ్రామసభలను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. సభ జరిగిన ఊళ్లలో బీపీఎల్ కార్డులు నిజంగా అవసరమైన పేదలకు, ముఖ్యంగా చదువురానివాళ్లకు, మెరుగ్గా చేరాయని తేలింది. చెట్టు కింద కూర్చున్నవాళ్లకు ఎవరు పేదో తెలుసు. తమ పాసుపుస్తకంలో గుంటలు ఎందుకు తగ్గాయో కూడా వాళ్లకు తెలుసు. అడిగితే చెబుతారు.

అడగడానికి పద్ధతీ ఉంది. బిల్లు ముసాయిదాను 30 రోజులు ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. కేంద్రమే దాన్ని సరిగా పాటించడం లేదు. అది రాష్ట్రాలను కట్టడి చేయదు కూడా. పెద్ద శాసనసభలు ఏటా కనీసం 90 రోజులు కూర్చోవాలని జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లో చెప్పింది. 90 రోజుల మాట ఎత్తితే రెండు రాష్ట్రాల్లోనూ నవ్వుతారని తెలుసు కనుక అంత దూరం అడగడం లేదు.

మేం అడిగేది ఇంతే. రెండు రాష్ట్రాల శాసనసభలూ తమ నియమావళిని సవరించుకుని, భూమి హక్కులను తాకే ప్రతి బిల్లునూ తప్పనిసరిగా సెలెక్ట్ కమిటీకి పంపాలి. కమిటీ ముందు ఎవరేం చెప్పారో, ఏ సవరణను ఎందుకు తోసిపుచ్చారో ఆ వివరాలు, సభా చర్చలు అన్నీ ఒక మాట టైపు చేసి వెతికితే దొరికేలా తెలుగు అక్షరాల్లో అందుబాటులో పెట్టాలి. విశ్వవిద్యాలయాల్లో రాజనీతిశాస్త్రం చదివే పిల్లలను ఎమ్మెల్యేలకు ఏడాదిపాటు పరిశోధన సహాయకులుగా ఇవ్వాలి. అందుకయ్యే ఖర్చు ఒక రోజు సభ వాయిదా పడితే వృథా అయ్యే సొమ్ముతో పోల్చి చూసుకోవచ్చు. ముసాయిదాను వెబ్‌సైట్‌లో ఒక మూల ఇంగ్లిష్ పీడీఎఫ్‌గా పడేసి చేతులు దులుపుకోకుండా, తెలుగులో అచ్చువేసి ప్రతి తహసీల్దారు ఆఫీసు నోటీసు బోర్డు మీద, పాసుపుస్తకాల కోసం జనం వరస కట్టే కిటికీ పక్కనే, 30 రోజులు ఉంచాలి. వచ్చే సమావేశాల తేదీలు ఖరారు చేసే సభా కార్యకలాపాల సలహా సంఘం (బీఏసీ)లో ఈ మాట ఎత్తడానికి ఏ పార్టీ ముందుకొస్తుందో చూస్తాం.