మునగ ఇసుక ఫిల్టర్ ఉంటే ఆర్వో అక్కర్లేదా?

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ఇసుకలో మునగ గింజల పొడి కలిపి నీళ్ళు వడకడితే క్రిములూ ఫ్లోరైడూ మొత్తం పోతాయట, ఒక్కసారి చేస్తే ఏళ్ళకేళ్ళు వస్తుందట, ల్యాబుల్లో వాడే ప్రోటీన్ పూసలదీ ఇదే పద్ధతట, ఆర్వో కంపెనీలే దాచిపెట్టాయట.

దాచడం సంగతి ముందు చూద్దాం. సూడాన్‌లో ఆడవాళ్ళు నైలు బురద నీళ్ళు తేర్చుకోడానికి ఈ గింజలు ఎప్పట్నుంచో వాడుతున్నారు, ఇసుక మీద కోటింగ్ గురించి అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2012లోనే రీసెర్చ్ పేపర్ వేశారు. ఇక దాచిందెవరు? విషయం సింపుల్: గింజలోని ప్రోటీన్‌ది పాజిటివ్ ఛార్జ్, ఇసుక రేణువుది నెగెటివ్, అందుకే ప్రోటీన్ పొరలా పట్టేస్తది, తర్వాత నీళ్ళు పోస్తే నెగెటివ్ ఛార్జ్ ఉన్న మట్టీ బ్యాక్టీరియా దానికి అతుక్కుంటాయి, కొన్ని బ్యాక్టీరియాల పైపొర కూడా దెబ్బతింటది.

కానీ పొడి ఊరికే కలిపేస్తే పని అవదండి. గింజలో నూనె, పిండి, ఇంకా ఏవేవో ఉంటాయి, అవి నీళ్ళలో మిగిలితే బ్యాక్టీరియాకి మేతే, ఒక రోజు నిలవుంచితే మళ్ళీ పెరిగిపోతాయి. అసలు ఇసుకకి పట్టించడం ఎందుకంటే అక్కర్లేనిదంతా కడిగేసి ప్రోటీన్ ఒక్కటే ఉంచుకోడానికి, ఫార్వర్డ్‌లో ఆ కడిగే స్టెప్పే లేదు!

ఫ్లోరైడ్ మాట ఇంకా డేంజర్. అది మట్టిలా తేలే రేణువు కాదు, ఉప్పులా నీళ్ళలో కరిగిపోయిన అయాన్. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకీ ఎముకలకీ ముప్పే, నల్గొండ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడి పేరుతోనే ఉన్న నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు, మునగ కాదు. పోనీ కాచి తాగుదామంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటది, ఇంకాస్త చిక్కబడి.

ఏళ్ళకేళ్ళు కూడా రాదు. మట్టి పట్టీ పట్టీ ప్రోటీన్‌కున్న ఛార్జ్ ఖర్చయిపోతది, అప్పుడు ఉప్పు నీళ్ళతో కడిగి మళ్ళీ కోటింగ్ వేయాలి.

ల్యాబుల్లో వాడే ప్రోటీన్ పూసలు వేరే కథ. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా నుంచి వచ్చిన ప్రోటీన్-ఏ ని సన్నని అగరోజ్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటి పదార్థం) పూసల మీద పట్టించి యాంటీబాడీల్ని పట్టుకుంటారు, తర్వాత యాసిడ్ ద్రావణంతో విడిపిస్తారు. అవి పాడవకుండా ఫ్రిజ్‌లో 20 శాతం ఆల్కహాల్‌లోనో సోడియం అజైడ్‌లోనో పెడతారు, అజైడ్ అంటే విషం. తాగేనీళ్ళకి దానితో పోలికేంటసలు?