మత్స్యగెడ్డకు పుట్టింటి ఉత్తరం

చి.ల.సౌ. మత్స్యగెడ్డ నదిని విశాఖపట్నం నుంచి పుట్టింటివాళ్లు దీవించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి.

నువ్వు పుట్టింది మాడుగుల కొండల్లో. అక్కణ్ణుంచి తూర్పుకి దిగితే వంద కిలోమీటర్ల లోపే సముద్రం, దారిలో మేము. శారద నది అలాగే దిగి అనకాపల్లి చెరుకు తోటలు తడిపింది. గోస్తని బొర్రా గుహల నుంచి వచ్చి, మాకోసం తాటిపూడిలో కాసేపు ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసింది. చిన్న ప్రాణాలే గానీ బుద్ధిమంతులు. నువ్వు మాత్రం కొండకి అవతలి వాలు చూసుకున్నావు.

ఏటమ్మా ఆ నడక? ఉత్తరానికి పోయి, మత్స్యగుండంలో చేపలకి దణ్ణాలు పెట్టించుకుని, జోలాపుట్ జలాశయంలో ఆగి, డుడుమ దగ్గర కొండమీంచి దూకి, నైరుతికి మళ్లావు. ఒడిశా చేరేసరికి మాచ్‌ఖండ్‌వి, తర్వాత సీలేరువి. మోటు దగ్గర శబరిలో కలిశాక ఆ పేరూ పోయింది. కూనవరం దగ్గర శబరి వెళ్లి గోదావరిలో కలిసింది, ఇక దాని పేరే లేదు, నీదెక్కడ?

అంతా అత్తగారి పోలికే. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టింది. అరేబియా సముద్రం అక్కడికి 80 కిలోమీటర్లే. అటు కన్నెత్తి చూడకుండా 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికొచ్చింది. సరే, పడమటి కనుమలు ఎత్తు, దక్కన్ తూర్పుకి వాలి ఉంది, ఆవిడకో వంక దొరికింది. నువ్వు శిఖరానికి ఇటు పక్కన పుట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది?

మిగతా కోడళ్లను చూడు. ప్రాణహిత వార్ధానీ, పెన్‌గంగనీ, వైన్‌గంగనీ వెంటేసుకొచ్చి ఆ ఇంట్లో అందరికంటే పెద్దదైంది. మంజీరదీ నీలాగే వంకర నడకే. బీడ్ జిల్లాలో పుట్టి, ఆగ్నేయంగా సంగారెడ్డి దాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు ఉత్తరానికి తిరిగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అయినా దారిలో హైదరాబాద్‌కి నీళ్లిచ్చింది. రాజధాని ఎక్కడుందో తెలిసిన నది!

నిన్ను పనికిరానిదానివని మేమనం. 1955 నుంచి మాచ్‌ఖండ్‌లో కరెంటు ఇస్తున్నావు. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువ సీలేరులో 460. రబీలో గోదావరి చిక్కిపోతే ధవళేశ్వరం కింద రైతులు ఎదురుచూసేది సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసమే. ఊరందరికీ ఉపకారమే, మాకు తప్ప.

ఇక మా ఏర్పాట్లు విను. పురుషోత్తపట్నం దగ్గర మోటార్లు పెట్టి గోదావరిని ఎత్తి, ఏలేరు జలాశయంలో పోస్తారు. అక్కణ్ణుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో మా ఊరికి నడిపిస్తారు. కూనవరం ఎగువన ఉంది, పురుషోత్తపట్నం దిగువన ఉంది. అంటే మా బిందెలో నువ్వూ ఉన్నావు! మా కొండమీంచి అలిగి పోయిన నీళ్లే పేర్లన్నీ పోగొట్టుకుని, కాలువ పట్టుకుని ఇంటికొస్తున్నాయి. ఆ మోటార్లు తిప్పే కరెంటులోనూ నీ వాటా కొంత ఉండే ఉంటుంది. బిల్లు మాత్రం మాకే వస్తుంది.

పోలవరం ఎడమ కాలువ పూర్తయితే విశాఖకి 23.44 టీఎంసీలట. ఈ మాట ఉద్యోగంలో ఉండగా విన్నాను, ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ వింటున్నాను.

‘మీ ఊళ్లో గెడ్డల్ని, అంటే వాగుల్ని, ఏం చేశారు?’ అని నువ్వు ఎదురడగొచ్చు. పెద్దవాళ్లని అలా అడక్కూడదు. కొన్నిటిని మురుక్కి ఇచ్చేశాం, కొన్నిటి పక్కన అపార్టుమెంట్లు కట్టి ‘రివర్ వ్యూ’ అని బోర్డు పెట్టడానికి మొహమాటపడ్డాం. అంతకంటే ఏం చెయ్యగలం?

2027లో గోదావరి పుష్కరాలు. బంధువులంతా రాజమండ్రి బయల్దేరదామంటున్నారు. నేను రానన్నాను. గోదావరి వంటగది దాకా వస్తుంటే రైల్లో ఒంటికాలి మీద నిలబడి వెళ్లడమెందుకు? ఆ పన్నెండు రోజులూ కొళాయి ఏ టైముకి వదులుతారో ముందురోజు చెబితే చాలు. పంతులుగారిని బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కూర్చోబెట్టి సంకల్పం చెప్పించుకుంటాను.

ఇట్లు,
మీ పుట్టింటివాళ్లు, విశాఖపట్నం