మహారాజశ్రీ ఐ-539 ఫారం గారి సముఖానికి

అయ్యా,

నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారం కోసం ఈ పొద్దున ఆన్‌లైన్‌లో చూస్తే మళ్లీ అదే మాట: 'కేస్ వాజ్ రిసీవ్డ్'. అందినందుకు సంతోషం. అమ్మానాన్నలు అమెరికాలో ఇంకొన్నాళ్లు ఉండటానికి మిమ్మల్ని నింపి మేం అడిగిన పొడిగింపు గడువు మాత్రం నిన్నటితో అయిపోయింది. వాళ్లు విమానం ఎక్కేశారు కూడా. ఇక మీరు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

అమెరికాకు బి-2 సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు ఎయిర్‌పోర్టులో ఇచ్చేది మామూలుగా ఆరు నెలలు. పాస్‌పోర్టులో పదేళ్ల వీసా ఉంది కదా అని ధీమాగా కూర్చున్నవాళ్లకు, ఆ పదేళ్లు గుమ్మం దాకా రావడానికే గానీ లోపల ఉండటానికి కాదనీ, వెళ్లాల్సిన తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో 'అడ్మిట్ అంటిల్' అన్నచోట ఉంటుందనీ నచ్చజెప్పే పని కూడా మాదే. ఆ తేదీ లోపల మిమ్మల్ని పోస్టులో వేస్తే చాలదు, అటువైపు చేరి ఉండాలి. కనీసం 45 రోజుల ముందు వేయమని మీవాళ్ల, అంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసు వాళ్ల సలహా. వేశాం. తొందర మాకే ఉండాలి కాబోలు, మీకు అక్కర్లేదు.

మీకు సమర్పించుకునే నైవేద్యం కూడా తక్కువేం కాదు. ఇంకా ఎందుకు ఉండాలో, ఎప్పుడు వెళ్తారో చెప్పే ఉత్తరం, ఖర్చు మాదేనని ఒప్పుకునే ఐ-134, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐ-94, పాస్‌పోర్టు కాపీలు, స్వదేశంలో ఇల్లూ వాకిలీ ఉన్నాయన్న రుజువులు, భార్యాభర్తలు కలిసి వేస్తే రెండోవాళ్లకు ఐ-539ఏ. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే అమ్మను మారణహోమంలో పాల్గొన్నారా, ఆయుధాల శిక్షణ పొందారా అని అడుగుతారు. ఆవిడ తరఫున 'నో' అని టిక్కు పెట్టాం. ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. వేలిముద్రల పేరుతో మనిషికి 85 డాలర్లు లాగడం 2023 అక్టోబర్ 1 నుంచి మానేశారు, ఆ పుణ్యం ఊరికే పోదు.

ఇంక తిరుగు టికెట్. వెనక్కి వెళ్తారని నమ్మాలంటే టికెట్ చూపించాలి. మీరు ఉండనిస్తారో లేదో తెలియకుండానే ఫలానా రోజున వెళ్తామని కొనాలి. తేదీ మార్పు చార్జీలు ఎవరు కడతారో మీకు అనవసరం.

ఇవన్నీ పడొచ్చు. పడలేనిది ఒక్కటే. మిమ్మల్ని అడిగింది ఆరు నెలలు. ఒకసారికి అంతకు మించి మీరు ఇవ్వరు. ఆ ఆరు నెలలు ఐ-94 తేదీ నుంచి గడియారంలా నడిచిపోతాయి. మీరు నడవరు. ఉండొచ్చా అని అడిగినవాళ్లు ఉండాల్సినన్నాళ్లూ ఉండి, బట్టలు సర్దుకుని, అందరికీ చెప్పి వెళ్లిపోయాక ఏ మధ్యాహ్నమో 'అప్రూవ్డ్' అంటారు. దాన్ని అనుమతి అంటారా అయ్యా?

మావాళ్లు వెళ్లిపోయారు కాబట్టి సరిపోయింది. ఆపరేషన్ అయి, ఇంకా విమానం ఎక్కలేని స్థితిలో ఉన్న మనిషి సంగతి చూడండి. ఐ-94 మార్చి 2 వరకు ఉంది, సెప్టెంబర్ 1 వరకు పొడిగించమని అడిగారు అనుకుందాం. ఆగస్టు వచ్చింది, మీరు పలకలేదు. ఇంకా ఉండాలంటే సెప్టెంబర్ 1 లోపల ఇంకో ఐ-539 వేయాలి. మళ్లీ ఉత్తరం, మళ్లీ స్టేట్‌మెంట్లు, మళ్లీ 420. మొదటిది ఇచ్చారో లేదో తెలియదు, దాని మీద రెండోది. రేపు మొదటిది కాదన్నారంటే, పునాదే లేదు గనక రెండోదీ కూలిపోతుంది. ఫీజు వెనక్కి రాదు. ఆలస్యం మీది, జరిమానా మాది.

పోనీ అడుగుదామా అంటే, అడగడానికీ ముహూర్తం ఉంది. వెబ్‌సైట్‌లో చూపించే సమయం 80 శాతం కేసులు తేలడానికి పట్టేది. మామూలుగా పట్టే గడువు దాటేదాకా ఆలస్యమని ఫిర్యాదు కూడా తీసుకోరు. ఎఫ్-1 విద్యార్థి హోదాకు మారేవాళ్లకు, ఎక్కువ డబ్బు కడితే త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ పెట్టారు. పెద్దవాళ్ల బి-2 పొడిగింపుకు ఎక్కువ డబ్బు కడతామన్నా వద్దంటారు. లంచం తీసుకోని ఆఫీసని మురిసిపోవాలేమో.

మీరు పంపే రసీదు ఐ-797సి మరీ ముచ్చట. ఈ నోటీసు వల్ల ఏ ఇమ్మిగ్రేషన్ హోదా గానీ ప్రయోజనం గానీ రాదని దాని మీదే అచ్చేస్తారు. కానీ తీర్పు రాకుండా వెళ్లిపోయినవాళ్లకు దిక్కు అదే. వచ్చేసారి ఆఫీసర్ ఐ-94 దాటి ఎందుకున్నారని అడిగితే, గడువులోపల దరఖాస్తు వేశామని చూపించడానికి ఆ కాగితమూ, బోర్డింగ్ పాసూ పెట్టెలో పట్టు చీరల మధ్య దాచుకుని తిరుగుతున్నారు.

కాదనడంలోనూ మీ మర్యాద మీదే. సకాలంలో వేసిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం అక్రమంగా ఉన్నట్టు లెక్కపెట్టరు, నిజమే. తిరస్కరించారా, మర్నాటి నుంచే లెక్క మొదలు. ఉత్తరం మాత్రం పోస్టులో నింపాదిగా వస్తుంది. మేం కవరు చించేసరికే కొన్ని రోజులు ఖాతాలో పడి ఉంటాయి. ఆ లెక్క 180 రోజులు దాటాక వెళ్తే మూడేళ్లు, ఏడాదికి చేరితే పదేళ్లు రానివ్వరు. మా రోజులు ఇంత కచ్చితంగా లెక్కపెట్టగలిగినవాళ్లకు మీ రోజులు లెక్కపెట్టడం చేతకాదా?

ఇవ్వడం ఇష్టం లేకపోతే వద్దనండి. రెండో నెలలోనే అనండి. టికెట్ మార్చుకుని పోతారు. డెబ్బై ఏళ్ల మనుషులు ఎవరి దేశాన్నీ ఎత్తుకుపోరు. ఔననో కాదనో ఒక్క ముక్క, అది పనికొచ్చే రోజుల్లో చెప్పండి. అంతకుమించి మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మీ జవాబును ఈ అడ్రసుకే పంపండి. దాన్ని స్కాన్ చేసి ఇండియాకు పంపడం మాకెలాగూ తప్పదు.

ఇట్లు,
ఐఓఈతో మొదలయ్యే రసీదు నంబరులోని పదమూడు అక్షరాలూ అంకెలే పేరుగా మిగిలిన
మీ విధేయులు