ఎడారే కదా, దుప్పటి చాలట!

ఇప్పుడే ఒక వాట్సాప్ గ్రూపులో కంటపడింది. ఫీనిక్స్ బ్యాచ్, మూడు కుటుంబాలు, ఆరుగురు పిల్లలు, జూలై 4 లాంగ్ వీకెండ్‌కి మౌంట్ లెమన్ మీద రెండు రాత్రుల క్యాంపింగ్. ఒకావిడ బుద్ధిగా అడిగింది: "రాత్రిళ్లు చలిగా ఉంటుందా అన్నయ్యా, పిల్లలకి ఏం సర్దాలి?" అన్నయ్యగారు క్షణం ఆలోచించకుండా తీర్పు ఇచ్చేశారు: "అరిజోనాలో చలేంటమ్మా, ఎడారే కదా, తలా ఒక దుప్పటి చాలు." కింద పదిహేడు బొటనవేళ్లు. పదిహేడు!

చలి లేకపోతే మరి ఎందుకు పోతున్నట్టండీ అక్కడికి? ఇంట్లో 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో మాడిపోతున్నాం, కొండమీద చల్లగా ఉంటుందని మూడు గంటలు కారు తోలుకుంటూ పోతారు. పోతూ పోతూ చల్లగా ఉండదని దుప్పటి పట్టుకెళ్తారు. ఈ లెక్క ఏ ఐఐటీలో చెప్పారో!

కొండ కింది టూసాన్ ఊరు 2,400 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ్నుంచి కాటలీనా హైవే 27 మైళ్లు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. కొండ కొస 9,157 అడుగులు. మొదటి మైళ్లలో చేతులెత్తి నిలబడ్డ సగువారో నాగజెముళ్లు, పైకి పోయేకొద్దీ పాండెరోసా పైన్లు, ఆ పైన డగ్లస్ ఫర్, ఆస్పెన్. ప్రతి వెయ్యి అడుగులకీ మూడున్నర నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుంది. కింద 103 ఉంటే 8,000 అడుగుల దగ్గర మధ్యాహ్నం 75–80, రాత్రికి 50ల్లోకి దిగుతుంది. వాన పడి బట్టలు తడిశాయంటే ఆ 50 మీకు 30లా అనిపిస్తుంది. ఇక్కడి మూలవాసులు తొహొనొ ఓదామ్ వాళ్లు ఈ కొండల్ని బాబద్ దోఆగ్ అంటారు, అంటే కప్పల కొండ. ఎక్కేటప్పుడు వచ్చే మొదటి వ్యూపాయింట్ పేరు కూడా అదే. బోర్డు ముందు ఫొటో దిగుతారు కదా, ఈసారి దిగేముందు ఓసారి చదవండి. కప్ప పేరు పెట్టిన చోటికి మన అన్నయ్య ఎడారి అని పేరు పెట్టాడు.

సరే, దుప్పటి సంగతే చూద్దాం. కాస్ట్‌కోలో కొన్న రెండడుగుల ఎత్తు గాలి పరుపు వేసి, పైన దుప్పటి కప్పుకుని పడుకుంటే రాత్రి రెండింటికి లేచి కార్లోకి పోవాల్సిందే. చలి పైనుంచి కాదు, కిందనుంచి వస్తుంది. ఆ పరుపులో ఉన్న గాలి నేల చల్లదనాన్ని పట్టుకుని లోపలే తిరుగుతుంటుంది. మీ ఒంటి వేడి మొత్తం దానికి సమర్పయామి. ఒక ఫోమ్ షీట్ గానీ, మడత పెట్టిన బొంత గానీ పరుపు మీద, మీ కింద ఉండాలి. ఉన్నవి రెండే దుప్పట్లయితే ఒకటిన్నర కిందికి, సగం పైకి. స్లీపింగ్ బ్యాగు మీద 40 అని రాసుంటే 40 డిగ్రీల్లో హాయిగా నిద్రపోతారని కాదు. చాలా బ్యాగుల మీద ఆ అంకె ముడుచుకుని ఎలాగోలా తట్టుకునే హద్దు మాత్రమే. హాయికి దానికి ఇంకో పది పదిహేను కలుపుకోవాలి. పిల్లలకి పొడి సాక్సులు ఒక జత విడిగా పెట్టి, పడుకునే ముందే మార్చండి. పగలు ఆడిన సాక్సులకి చెమట తడి ఉంటుంది, ఆ తడికే కాళ్లు చల్లబడతాయి.

ఇక "ఏదో ఒక క్యాంప్‌గ్రౌండ్ దొరుకుతుందిలే" వీరులు. అదే గ్రూపులో ఒకాయన మొలినో బేసిన్ లింక్ పెట్టాడు, "ఇది దగ్గర, ఘాట్ రోడ్డు ఎక్కక్కర్లేదు" అని. మహానుభావా, మొలినో 4,370 అడుగుల్లో ఉంది. అది చలికాలపు క్యాంపు. అక్టోబరు మధ్యలో తెరిచి ఏప్రిల్‌లో మూసేస్తారు. జూలైలో గేటుకి తాళం ఉంటుంది. ఆ పైన గార్డన్ హిరబయాషి క్యాంపు, 4,900 దరిదాపులు, అదీ చలికాలానిదే. రెండింట్లోనూ నీళ్లుండవు. 6,000 అడుగుల దగ్గర జనరల్ హిచ్‌కాక్, పట్టుమని పది పన్నెండు సైట్లు, అక్కడా నీళ్లు లేవు. ఎండాకాలానికి అసలైనవి రెండే. 7,000 అడుగుల్లో రోజ్ క్యాన్యన్: 74 సైట్లు, ట్రౌట్ చేపలు వదిలే ఏడెకరాల చిన్న చెరువు, కొన్ని సైట్లు ముందే రిజర్వ్ చేసుకోవచ్చు. దానికి పైన 8,000 అడుగుల్లో స్పెన్సర్ క్యాన్యన్: ఇంకా చల్లన, కానీ 22 అడుగులు దాటిన బండి పట్టదు. ఈ రెండింట్లో సీజన్‌లో కుళాయి నీళ్లుంటాయి, కరెంటు మాత్రం ఎక్కడా ఉండదు. కాబట్టి ఇన్‌స్టంట్ పాట్ ఇంట్లోనే ఉంచండి. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంది కదా అని క్యాంపు ఫీజు ఎగ్గొట్టే ఆలోచన ఉంటే అదీ ఇంట్లోనే ఉంచండి. ఆ పాస్ పగటి ఫీజులకే, రాత్రి పడుకునే సైటుకి కాదు.

హిరబయాషి అన్నాను కాబట్టి ఇదొకటి చెప్పకుండా పోలేను. ఆ స్థలంలో ఒకప్పుడు జైలు క్యాంపు ఉండేది. 1933లో మొదలుపెట్టి ఈ రోడ్డు వేసింది ఎక్కువగా ఖైదీలే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను మూలాలున్న అమెరికన్లని మూకుమ్మడిగా క్యాంపుల్లోకి తోలుతుంటే గార్డన్ హిరబయాషి నేను పోనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1943లో ఓడిపోయింది. శిక్ష పడ్డాక జైలుకి చేర్చడానికి సర్కారు దగ్గర డబ్బుల్లేవంటే, దారిలో వచ్చే బళ్లు ఆపి ఎక్కుతూ తనే ఇంతదూరం వచ్చి లొంగిపోయాడు. దశాబ్దాల తర్వాత ఆ తీర్పులు కొట్టేశారు, 1999లో చోటుకి ఆయన పేరు పెట్టారు. మనవాళ్లు అక్కడ పునాదిరాళ్ల మీద నిలబడి "జైల్లో మా ఆయన" అని రీల్ చేస్తారు. వీసా స్టాంపింగ్ అంటే వణికిపోయే జాతి మనది, కాస్త సిగ్గుండాలి.

టెస్లా బాబులకి ఒక మాట. ఐదుగురు ఎక్కిన కారుని టూసాన్ నుంచి స్పెన్సర్ దాకా ఎత్తడానికే పదీ పదకొండు యూనిట్లు తింటుంది, మామూలు దూరానికయ్యే ఖర్చు కాక. దిగేటప్పుడు చాలావరకు తిరిగొస్తుంది, కానీ దిగడం రెండ్రోజుల తర్వాత. మధ్యలో రాత్రంతా క్యాంప్ మోడ్‌లో హీటర్ వేసుకుని పడుకుంటారు, ఎందుకంటే దుప్పటి చాలలేదు కాబట్టి! పెట్రోలు కార్ల వాళ్లు కింద ఊళ్లోనే ట్యాంకు నింపుకోండి, పైన బంకు ఉండదు. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. 27 మైళ్లూ బ్రేకు మీద కాలేసి కూర్చుంటే కాలిన వాసన మీ కారుదే.

జూలై అంటే మాన్సూన్. అరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా లెక్క. పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, పదకొండింటికి కొండమీద తెల్ల మబ్బు లేస్తుంది, ఒంటిగంటకి ఉరుము. గుట్టల మీది ట్రెయిళ్లు మధ్యాహ్నంలోగా దిగేయాలి. పిడుగులప్పుడు టెంటు ఏ రక్షణా ఇవ్వదు, కార్లోకి పోయి అద్దాలెత్తుకోవాలి. టెంటు కింద వేసే టార్పాలిన్ టెంటు కన్నా పెద్దదిగా పరుస్తారు, నీట్‌గా ఉంటుందని. ఆ బయటికొచ్చిన అంచు వాననీళ్లు పట్టి తెచ్చి సరిగ్గా మీ వీపు కింద పోస్తుంది. నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు లోపలికి మడవండి. చదునుగా, మెత్తగా ఇసక ఉన్న చోటు కనబడగానే పరుగెత్తకండి. అది వాగు దారి. ఎండిపోయి నిలబడ్డ మాను కింద కూడా వద్దు. 2020లో ఈ కొండల్లో పిడుగుపాటుకి అంటుకున్న బిగ్‌హార్న్ మంట దాదాపు 1,20,000 ఎకరాలు కాల్చింది, అలాంటి చెట్లు గాలి తోలితే చాలు పడతాయి.

మంట అంటే గుర్తొచ్చింది. ఎండలు ముదిరాక, వానలు గట్టిగా పడేదాకా మంటల మీద ఆంక్షలు పెడుతుంటారు. రెండో స్థాయి ఆంక్షలుంటే క్యాంప్‌గ్రౌండ్ గుంతలో కూడా కట్టెలు, బొగ్గులు ముట్టించకూడదు. తిప్పితే ఆరిపోయే గ్యాస్ స్టవ్ ఒక్కటే గతి. మారినేట్ చేసిన చికెన్ నాలుగు కేజీలు, ఒక సంచి బొగ్గు పట్టుకెళ్లి అక్కడ బోర్డు చూసి మొహాలు చూసుకోవడం కన్నా, బయల్దేరే రోజు పొద్దున ఈ అడవిని చూసుకునే కొరొనాడో నేషనల్ ఫారెస్ట్ వాళ్ల వెబ్‌సైటు చూస్తే సరిపోతుంది. ఇక టపాకాయలు ఏ స్థాయి ఆంక్షలున్నా లేకున్నా నేషనల్ ఫారెస్టులో ఎప్పుడూ నిషిద్ధమే, జూలై నాలుగైనా సరే. 2003 జూన్‌లో మనుషుల వల్లే అంటుకున్న ఆస్పెన్ మంటకి కొండమీది సమ్మర్‌హేవెన్ ఊళ్లో ఇళ్లూ షాపులూ కలిపి 340 దాకా బూడిదయ్యాయి.

ఇప్పుడు అసలు కడుపుమంట. దుప్పటి చాలన్న అదే అన్నయ్య కింద ఇంకో మెసేజ్ పెట్టాడు: "క్యాంపింగ్‌కి కుక్కరేంటి, పల్లెటూరి వాళ్లలా! వేడివేడిగా అన్నం, పప్పు అక్కడే గిన్నెలో పెట్టేద్దాం." పెట్టేద్దాం! ఎవరు పెట్టేది?

8,000 అడుగుల్లో నీళ్లు 92 సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నె కింద ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు, ఊరికే ఆవిరైపోతాయి. బియ్యం పైన చిమిడి లోపల పలుకుంటుంది. కందిపప్పు గంటన్నర ఉడికినా గింజ గింజలాగే మిమ్మల్ని చూస్తుంటుంది. కుక్కరే కావాలి, అదీ ఇంట్లో మూడు కూతలకి ఉడికేది అక్కడ నాలుగు కూతలు అడుగుతుంది. బయటి గాలి ఒత్తిడి తక్కువ కదా, దాని మీద కూత బరువు పెంచే ఒత్తిడి ఎప్పటిదే, కలిపితే లోపలి వేడి ఇంటికన్నా తక్కువే. ఇక పక్కన గ్యాసు డబ్బా దూర్చే బల్లపరుపు స్టవ్ మీద పన్నెండు మందికి దోసెల పెనం పెట్టారో, పెనం వెడల్పుకి వేడి వెనక్కి తిరిగి డబ్బా మీద కొడుతుంది. డబ్బా పేలే దారి అదే. గిన్నె బర్నరు వైపే ఉండాలి, డబ్బా ఉన్న అర మీదికి రాకూడదు. వానొచ్చిందని ఆ స్టవ్ టెంటులోకి అసలు తీసుకెళ్లకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

తెలివైన పని ఇది: పప్పు ఇంట్లోనే గట్టిగా వండి, జిప్‌లాక్ సంచుల్లో పలకల్లా గడ్డ కట్టించి, కూలర్ అడుగున పరచండి. ఐసు పని కూడా అదే చేస్తుంది, రెండోరోజు మధ్యాహ్నానికి కరిగి చేతికొస్తుంది. పెరుగు దాని మీద. మొదటి రాత్రికి పులిహోర, వంటే లేదు.

కానీ చూడండి, నేనూ ఎవరికి చెబుతున్నాను? ఇది చదివి పలకలు గడ్డ కట్టించేది ఎవరో తెలుసు కదా. దుప్పటి చాలన్న మనిషి ఆ దుప్పటి కూడా సర్దడు. సర్దేది వదిన. పిల్లల సాక్సులు, ఇన్‌హేలరు, తడి తుండ్లు, ఆవకాయ, పక్కింటాయన షుగరు మాత్రలు కూడా వదిన. అక్కడికెళ్లాక అన్నయ్యలు ముగ్గురూ మడత కుర్చీల్లో కూర్చుని "ప్రకృతి ఒడిలో" అని స్టేటస్. వదినలు ముగ్గురూ పైన్ చెట్టు కింద ఇంకో వంటిల్లు. ఇంట్లో డిష్‌వాషర్ అయినా ఉంటుంది! ఇక్కడ నూనె కుక్కర్ని తాగే నీళ్ల కుళాయి కింద తోమితే పక్క సైటు వాళ్లతో తిట్లు కూడా ఆవిడకే. (తోమకూడదు. ముందు పేపర్ టవల్‌తో జిడ్డు తుడిచి ఆ కాగితం చెత్తలో వేసి, టబ్బులో కొద్ది నీళ్లతో కడగాలి. తేలిన మెతుకులు వడగట్టి చెత్తలోకే.) మిగిలిన బిర్యానీ పొదల్లోనో మంట గుంతలోనో పారేసేది మాత్రం కుర్చీల వాళ్లే. "భూమిలో కలిసిపోతుందిలే." కలవదు. నల్ల ఎలుగులున్న కొండ అది, ఎలుగు ఒకసారి రుచి మరిగితే రేపు వచ్చేది ఇంకో కుటుంబం టెంటు దగ్గరికి. సైటులో ఇనప పెట్టె ఉంటే తిండి, టూత్‌పేస్టు, పిల్లల జ్యూసు డబ్బాలు, సెంటు, అన్నీ అందులో పెట్టి గొళ్లెం వేయాలి. పెట్టె లేకపోతే డిక్కీలో పెట్టి కారు అద్దాలు పూర్తిగా ఎత్తాలి.

కొండకి లెమన్ పేరు నిమ్మకాయ వల్ల రాలేదు. 1881లో పెళ్లయిన కొత్తలో మొగుడితో వచ్చి, మొక్కలు ఏరుకుంటూ కొస దాకా ఎక్కిన వృక్షశాస్త్రవేత్త సారా లెమన్ పేరు అది. ఆవిడ పప్పు ఉడికిందా అని చూసుకుంటూ కూర్చుని ఉంటే ఆ కొండకి పేరుండేది కాదు.

ఒక్క పని చేయండి అన్నయ్యలూ. కుళాయి ఉన్న ఐదు గ్యాలన్ల నీళ్ల డబ్బాలు మూడు, పొద్దునే మీరే నింపుకు రండి. మనిషికి రోజుకొక గ్యాలన్ తాగడానికే, వంట వేరు, కాబట్టి సాయంత్రం మళ్లీ మీరే నింపాలి. రాత్రి పెట్టె గొళ్లెం మీరే చూడండి. కుక్కరు మీరే తోమండి.

ఇది రాస్తుండగానే గ్రూపులో ఎవరెవరు ఏమేం తెస్తారో లిస్టు పెట్టారు. టెంట్లు, స్టవ్, కూలర్, నీళ్లు, మందులు, అన్నిటి పక్కనా ఆడవాళ్ల పేర్లే. అన్నయ్య పేరు ఆఖరున ఒక్కచోట ఉంది: "టపాకాయలు నా వంతు."